చైనావారి భోజనాల బల్ల – పెద్దల వాటా

సర్వీసు కాలమంతా రూల్సు పుస్తకాలతో గడిపినవాణ్ణి. అందుచేత, భోజనానికి కూడా రూల్సు రాసిపెట్టుకున్న దేశం ఒకటి ఉన్నదని చదివినప్పుడు ఆసక్తి కలిగింది. ఆ దేశం చైనా. ఆ గ్రంథం 'లీ చీ', అనగా మర్యాదల గ్రంథం. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం హాన్ వంశీయుల పాలనలో సంకలనమైనది.

అందులో ఒక నియమం మనకు నవ్వు తెప్పిస్తుంది. నలుగురితో కలిసి తినేటప్పుడు అన్నం ముద్ద చేయరాదట! ఆ కాలంలో చైనావారు కూడా అన్నం చేతితోనే తినేవారు, అదీ ఒకే పాత్రలోంచి. ముద్ద చేస్తే చేతిలోకి ఎక్కువ వస్తుంది, పక్కవాడికి తగ్గుతుంది. అదీ కారణం. కొరికిన చేపముక్క తిరిగి పాత్రలో వేయరాదు, చప్పుడు చేస్తూ తినరాదు, ఎముకలు కుక్కలకు విసరరాదు అని కూడా ఉన్నది.

ఇక మన వయసువారి సంగతి. అధికారులు 70 ఏళ్ళకు పదవీ విరమణ చేయాలని ఆ గ్రంథమే చెప్పింది. అరవై దాటినవారికి మాంసం సిద్ధంగా ఉంచాలి, డెబ్బైలో రెండో వంటకం ఉండాలి, తొంభైలో ఆహారం పడకగదిలోనే అందుబాటులో ఉండాలి. పెద్దలు పానపాత్ర ఖాళీ చేసేదాకా చిన్నవారు తాగరాదు. పెద్దలు తినగా మిగిలినది కొడుకూ కోడలూ తినాలి.

అప్పట్లో చాపల మీద కూర్చొని, ఎవరి ముందు వారి చిన్న పీట పెట్టుకొని తినేవారు. ఎత్తైన బల్లలు, కుర్చీలు సోంగ్ వంశ కాలానికి (960–1279) బాగా వాడుకలోకి వచ్చాయి. క్రమంగా ఇంటిల్లిపాదీ ఒకే బల్ల చుట్టూ చేరారు. గుమ్మానికి ఎదురుగా ఉండే స్థానం పెద్దలది. వారు పుల్లలు ఎత్తాకే మిగిలినవారు ఎత్తాలి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చితే అశుభం, ఎందుకంటే చనిపోయినవారికి అగరువత్తులు అలాగే గుచ్చుతారు. మంచి ముక్క వస్తే పెద్దలు దాన్ని మనవడి గిన్నెలో వేయడం కూడా ఆచారమే.

1910–11లో మంచూరియా ప్లేగును అరికట్టిన డాక్టర్ ఊ లియెన్‌తే, ఎంగిలి కలవకుండా తిరిగే పళ్ళెం, వడ్డనకు వేరే గరిటెలు వాడమని సలహా ఇచ్చారు. కరోనా వచ్చిన 2020లో చైనా ప్రభుత్వం వడ్డనకు వేరే పుల్లలు వాడమని మళ్ళీ ప్రచారం చేసింది.

ఇవన్నీ చదివాక నాకు తోచినది ఒకటే. మొదట తినేవాడు చివర తినేవారిని తలచుకోవాలి. ఆఫీసుకు వేళవుతోందని ముప్పై ఏళ్ళు తొమ్మిదిన్నరకే భోంచేసి వెళ్ళాను. గిన్నెలో ఏం మిగిలిందో ఒక్కనాడూ చూడలేదు. రిటైరయ్యాక మా ఆవిడతో కలిసి కూర్చున్న మొదటిరోజు, ఆమె అలవాటుగా కూర అంతా నా కంచంలో వేసి, తాను పచ్చడి కలుపుకుంది. ఆనాటి నుంచి మా ఇంట వడ్డన నాది.