నడవడికి సున్న

ఆరు దినములు గంట మ్రోగినపుడు లేచి, గంట మ్రోగినపుడు భుజించి, గంట మ్రోగినపుడే నిద్రించు వసతిపాఠశాల బాలునకు ఆదివారమున బయటికి పోవుటకంటె మించిన భాగ్యము లేదు. నడవడికి సున్న వేయించుకొన్నవానికి ఆ భాగ్యమును దక్కదు. ఫ్రాన్సుదేశమున అప్పట్లో వాడుకలోనుండిన ఈ శిక్షనే పేరుగా గైకొని జాఁ వీగో 1933లో వెలువరించిన చిత్రము ముప్పావుగంటకు మించదు. అంత చిన్న చిత్రమును అచటి ప్రభుత్వము సుమారు పండ్రెండేండ్లు తెరపైకి రానీయలేదు.

వీగో తండ్రి అల్మెరేడా యను మారుపేరుతో ప్రసిద్ధికెక్కిన అరాజకవాది, పత్రికాసంపాదకుడు. ఆతడు 1917లో ఫ్రేన్ కారాగారమున, మెడకు ఉరి బిగిసి మరణించియుండగా కనబడెను. తండ్రిపై బడిన దేశద్రోహనింద పండ్రెండేండ్ల కుమారుని తాకకుండుటకై, అతనిని వేరొక ఇంటిపేరుతో దూరపు పాఠశాలలలో చేర్చిరి. ఆ వసతులలో గడచిన యేండ్లే పిమ్మట చిత్రకథయైనవి. నూనెజ్ అను వ్యాపారి ధనమీయగా, 1932 డిసెంబరులో చిత్రీకరణము మొదలై మరునెలలోనే ముగిసెను.

ఇందు ప్రధానోపాధ్యాయుడు గడ్డము పెంచిన మరుగుజ్జు. తన టోపీని పదిలపరచుకొనుటకు మునివ్రేళ్లపై నిక్కవలసినవాడు. పూటపూటకును చిక్కుడుగింజలే వడ్డించు భోజనశాలలో రాజుకొన్న అలజడి, ఒకనాటి రాత్రి పడకగదిలో తిరుగుబాటుగా పరిణమించును. దిండ్లు చినిగి ఈకలు గదినిండ ఎగురుచుండగా, రాత్రి చొక్కాలు తొడిగిన బాలురు, కుర్చీపై కూర్చుండిన తోటివానిని ఉత్సవవిగ్రహమువలె ముందిడుకొని మందగమనమున ఊరేగుదురు. ఈ ఘట్టమునకై సంగీతకర్త మోరిస్ జోబేర్ తాను కూర్చిన స్వరములను తుదినుండి మొదటికి వ్రాసి వాయింపించి, ఆ ముద్రణమును మరల వెనుకకు త్రిప్పెను; అందుచే ఆ సంగీతము విన్నదే యైనను విననిదానివలె తోచును. మరునాడు జరుగు ఉత్సవమున, అధికారుల వెనుక వరుసలలో ఆసీనులైన పెద్దమనుష్యులు వట్టి బొమ్మలు! వారందరిపైనను బాలురు ఇంటికప్పునెక్కి పాతపుస్తకములు, బూట్లు, డబ్బాలు కురిపింతురు.

ఏ యొక దృశ్యమునో కత్తిరించి ఊరకుండక, చిత్రమునంతయు ప్రభుత్వము నిషేధించుటకు ఈ పరిహాసమే మూలమని నా యభిప్రాయము. తిరుగుబాటునకు బందోబస్తు చేయవచ్చును గాని, నవ్వులపాలైన పెద్దరికమునకు ఏ ప్రభుత్వమును బందోబస్తు చేయజాలదు.

వీగో 1934 అక్టోబరులో, ఇరువదితొమ్మిదవయేట, క్షయవ్యాధిచే మరణించెను. నిషేధము తొలగినది 1945లో. 1959లో ఫ్రెంచిదర్శకుడు త్రూఫో, 1968లో ఆంగ్లదర్శకుడు లిండ్సే ఆండర్సన్ తమ పాఠశాలాచిత్రములలో ఇతని యడుగుజాడలనే పట్టిరి. ఆండర్సన్ బాలురు సైతము కప్పునెక్కినవారే గాని, వారి చేతులలో తుపాకులున్నవి. పాతబూటు విసరి పెద్దలను గెలిచిన వీగో బాలురదే మేలైన యుద్ధము.