మందులకు దారి, తూటాలకు అడ్డు: 1948 దిగ్బంధం నేర్పేదేమిటి?

1947 నవంబరు 29న హైదరాబాద్ సంస్థానాన్ని ఏలే నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్ది నెలల్లోనే ఒప్పందం మీరారంటూ ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకోవడం మొదలైంది. హైదరాబాద్ సైన్యానికి ఆయుధాలు ఇవ్వడానికి ఢిల్లీ ఒప్పుకోలేదు. 1948 జూన్‌లో చర్చలు విఫలమయ్యాక సరిహద్దులు మరింత బిగిశాయి. మందులు, తాగునీటిని శుద్ధి చేసే క్లోరిన్ కూడా రానివ్వడం లేదని హైదరాబాద్ ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. ఆర్థిక దిగ్బంధం అంటూ ఏదీ లేదనీ, ఆయుధాల వంటివే ఆపుతున్నామనీ భారత ప్రభుత్వం చెప్పింది.

ఆయుధ నిషేధాల్లో మానవతా మినహాయింపుల గురించి ఇప్పుడు ఐక్యరాజ్యసమితిలో జరిగే చర్చకు తెలుగు నేల మీద ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ కనిపించదు. అయితే దీన్ని అంతర్జాతీయ నిషేధం అనడానికి జంకాలి. ఇది తన ఇంటి వ్యవహారమని భారత్ మొదటినుంచీ వాదించింది. 1948 ఆగస్టులో హైదరాబాద్ చేసిన ఫిర్యాదు సెప్టెంబరు 16న భద్రతా మండలి ముందుకు వచ్చింది. మర్నాడే, 'పోలీసు చర్య' పేరుతో వచ్చిన భారత సైన్యంతో పోరు ఆపుతున్నట్టు నిజాం ప్రకటించాడు. ఆ వివాదంలో తన అధికార పరిధి ఏమిటో మండలి తేల్చనేలేదు.

నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వైపు నుంచి చూస్తే ఈ కథ మరోలా కనిపిస్తుంది. సముద్రతీరం లేని సంస్థానానికి ఉప్పు బయటినుంచే రావాలి. బెజవాడ నుంచి వచ్చే రైలు డోర్నకల్, మానుకోట (మహబూబాబాద్) దాటి కాజీపేట చేరేది. అక్కణ్ణుంచి సికింద్రాబాద్ వెళ్లే దారిలో జనగామ. భూపాలపల్లి వైపు గోదావరే సరిహద్దు: ఇవతల కాళేశ్వరం, అవతల సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని సిరోంచ. సంస్థానం చుట్టూ మద్రాసు, బొంబాయి, సెంట్రల్ ప్రావిన్సెస్ అనే మూడు రాష్ట్రాల నాకాలు. ఆయుధాలు ఆపండి, మందులు వదలండి అని ఢిల్లీ కాగితం మీద ఎంత స్పష్టంగా రాసినా, మూటను విప్పి చూసేది నాకా మీద ఉన్న జవానే. మినహాయింపు అమలయిందా లేదా అన్నది తేలేది ఆ చోటే. హైదరాబాద్ విషయంలో ఢిల్లీ వెలువరించిన శ్వేతపత్రంలోనో, హైదరాబాద్ ఫిర్యాదులోనో అది తేలదు.

జనగామ పల్లెలకు ఆయుధ నిషేధం అక్కర్లేదని ఎవరూ అనలేరు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద నిజాంకు అండగా నిలిచిన సాయుధ రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డాయి. ఊరి వాళ్లు బురుజెక్కి బర్మారు తుపాకులతో ఎదుర్కొన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న మిగతా ఆయుధాలు వడిసెలలూ కారప్పొడీ. ఎదుటివైపు సైన్యం తుపాకులు. మృతుల సంఖ్య ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంది గానీ, పెద్ద సంఖ్యలో ఊరి జనం బలయ్యారన్న విషయంలో తేడా లేదు. నిజాంకు అందే ప్రతి తూటా ఇలాంటి ఊరి మీదికి రావచ్చు. కనుక ఆ ఆయుధాలను ఆపడం ఈ పల్లెల దృష్టిలో మానవతా చర్యే అవుతుంది. అదే పల్లెలో కలరా సోకితే, గాయం చీము పడితే, మందు రాకపోవడం కూడా ప్రాణాంతకమే. ఒకే మనిషికి రెండూ కావాలి: తూటా ఆగాలి, మందు రావాలి.

నిషేధం ఆయుధాలనైనా పూర్తిగా ఆపిందా అంటే, అదీ లేదు. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుంచి దొంగచాటుగా హైదరాబాద్ సంస్థానానికి సరుకు చేరవేశాడు. ఆయుధాలతో పాటు మందులూ తెచ్చానన్నాడు. ఆ తర్వాత ఇంగ్లండులో కోర్టు ఆయనకు 200 పౌండ్ల జరిమానా వేసింది. ఈ ఉదంతం నుంచి నేను తీసుకునే నిర్ధారణ పరిమితమైనదే: ఆయుధాలు కొనే డబ్బున్న ప్రభుత్వానికి ఆకాశం తెరిచి ఉంది, రైలు మీద, ఎడ్లబండి మీద ఆధారపడ్డ పల్లెకు ఆ దారి లేదు. మందులనూ తుపాకులనూ ఒకే విమానంలో తెచ్చేవాడు నాకా జవాను అనుమానానికి బలం కూడా ఇస్తాడు.

మందుల కొరత ఎంతన్న దానిపై దొరికే సాక్ష్యం దాదాపు అంతా పక్షాలదే. వి.పి. మీనన్, కె.ఎం. మున్షీ ఢిల్లీ తరఫున నిలిచినవారు. 1962లో పుస్తకం రాసిన లాయక్ అలీ ఓడిన ప్రభుత్వాధినేత. కాటన్ శిక్ష పడినవాడు. ఈ నలుగురిలో ఎవరూ మానుకోట దవాఖానా నుంచి మాట్లాడలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన స్త్రీలు అడవుల్లో కాన్పులనూ, పసిపిల్లల కష్టాలనూ చెప్పారు. అయితే ఆ బాధల వెనుక అజ్ఞాతవాసం ఉంది, పేదరికం ఉంది, 1951 దాకా సాగిన సైనిక చర్య ఉంది. వాటన్నిటినీ దిగ్బంధం ఖాతాలో వేయడం అన్యాయం.

పోలీసు చర్య జరిగిన పదకొండు నెలలకు, 1949 ఆగస్టు 12న, నాలుగో జెనీవా ఒడంబడిక వచ్చింది. పౌరుల కోసం వెళ్లే మందులనూ ఆసుపత్రి సరుకులనూ వదలాలని దాని 23వ అధికరణం చెబుతుంది. ఆహారం విషయంలో అది పదిహేనేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ మాత్రమే హామీ ఇచ్చింది. సరుకు దారి మళ్లుతుందన్న బలమైన భయం ఉంటే ఆపవచ్చని కూడా అదే అధికరణం ఒప్పుకుంది. 1948లో ఢిల్లీ భయం సరిగ్గా అదే. తర్వాతి కాలపు భద్రతా మండలి తీర్మానాలు ఆ భయాన్ని కట్టడి చేసే పద్ధతులను కొంత వెతికాయి. 1990లో ఇరాక్ మీద ఆంక్షలు పెట్టిన 661వ తీర్మానం వైద్య సరుకులను ముందే మినహాయించింది. సోమాలియా మీద 1992లో పెట్టిన ఆయుధ నిషేధానికి 2001లో 1356వ తీర్మానం మినహాయింపులు చేర్చింది: సహాయక సిబ్బంది, పాత్రికేయులు వేసుకునే రక్షణ కవచాలు, మానవతా పనికి వాడే ప్రాణహాని లేని పరికరాలు. ఆ నిషేధానికీ ఈ మినహాయింపులకూ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి.

జెనీవా ఒడంబడిక 23వ అధికరణంలో మరో ఏర్పాటు ఉంది. సరుకు పంపిణీని తటస్థ దేశం ప్రతినిధులు అక్కడే ఉండి పర్యవేక్షించాలని, దారి ఇచ్చే పక్షం షరతు పెట్టవచ్చు. 1948లో డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో మందుల పెట్టెలు దింపి, మానుకోట, జనగామ దవాఖానాల దాకా వెంట వెళ్లి, ఎవరికి ఇచ్చారో రాసుకునే అలాంటి మూడో మనిషిని ఢిల్లీ గానీ హైదరాబాద్ గానీ నియమించలేదు.