ఒంట్లో ఎలా ఉందమ్మా?

తెలిసినవాళ్ళు జబ్బుపడ్డారంటే మనం చూడటానికి వెళతాం. డజను అరటిపళ్ళో, రెండు కొబ్బరిబొండాలో పట్టుకెళ్ళి, మంచం పక్కన కూర్చుని “ఒంట్లో ఎలా ఉందమ్మా?” అని అడుగుతాం. ఆవిడ “ఏదో, బాగానే ఉంది వదినా” అంటుంది. అది నిజమో, మనల్ని కష్టపెట్టడం ఇష్టంలేక అన్నమాటో మనకు తెలియదు. ఈ చిన్న ప్రశ్నను వైద్యశాస్త్రం సరిగ్గా అడగడం నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టిందంటే ఆశ్చర్యపోతారు. కిడ్నీలు పనిచేయక డయాలిసిస్ యంత్రం మీద ఆధారపడి బ్రతికేవారి విషయంలో ఆ కథ ఎలా నడిచిందో ఈవేళ చెప్పుకుందాం.

మన నడుముకి రెండు పక్కలా ఉండే కిడ్నీలు రాత్రింబవళ్ళు రక్తాన్ని వడకడుతూ ఉంటాయి. అవి రెండూ పూర్తిగా మూలబడితే మలినాలూ, నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండు దేశంలో, కాంపెన్ అనే చిన్న ఊళ్ళో విలెం కోల్ఫ్ అనే డాక్టరు దీనికొక ఉపాయం ఆలోచించాడు. మాంసంతో చేసే సాసేజీలకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక చెక్క పీపాకు చుట్టి, దానిని ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ, గొట్టంలోంచి రోగి రక్తాన్ని ప్రవహింపజేశాడు. మలినాలు ఆ పల్చని పొరలోంచి నీటిలోకి వెళ్ళిపోతాయి. 1943లో మొదలుపెట్టిన ఈ చికిత్సలో తొలి రోగులు దాదాపు అందరూ మరణించారు. చివరకు 1945లో 67 ఏళ్ళ స్త్రీ ఒకామె స్పృహలోకి వచ్చి, కోలుకుంది.

కాని అందులో ఒక చిక్కు ఉంది. చికిత్స చేసిన ప్రతిసారీ చేతిలోనో కాలిలోనో కొత్తగా రక్తనాళాన్ని కోయాలి. అలా ఎన్నిసార్లని కోస్తారు? అందుచేత కొద్దిరోజుల్లో కిడ్నీలు తిరిగి కోలుకునే వారికే అది పనికివచ్చింది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు, వేన్ క్వింటన్ అనే ఇంజనీరు సాయంతో, టెఫ్లాన్ గొట్టాన్ని చేతికి అమర్చి అలాగే ఉంచేసే పద్ధతి కనిపెట్టాడు. ఇక మాటిమాటికీ కోతలేదు. ఆ చికిత్స మొదట అందుకున్న యంత్ర కార్మికుడొకాయన చావు అంచుల నుంచి తిరిగివచ్చి మరో పదకొండేళ్ళు బ్రతికాడు.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. యంత్రాలు కొన్నే. కావలసినవారు ఎందరో. ఎవరికివ్వాలి? ఆ బాధ్యత డాక్టర్లు తమ ఒక్కరి మీదే పెట్టుకోలేకపోయారు. 1961లో సియాటిల్‌లో ఏడుగురితో ఒక కమిటీ ఏర్పడింది. ఒక లాయరు, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకరు, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను, వీరితోపాటు ఒక గృహిణి! అవునండీ, మనలాంటి ఒక ఇల్లాలు. డాక్టర్లు వడపోసి పంపిన పేర్లలో ఎవరికి యంత్రం దక్కాలో వీరు నిర్ణయించాలి. వారి పేర్లు బయటకు తెలియనివ్వలేదు.

వాళ్ళు ఏమేమి చూశారో తెలుసా? ఆడా మగా, పెళ్ళయిందా లేదా, పోషించవలసినవారు ఎందరు, రాబడి ఎంత, ఆస్తి ఎంత, చదువేమిటి, ఉద్యోగమేమిటి, మనసు నిబ్బరమెంత, మున్ముందు ఎంత పైకి రాగలడు. 1962 నవంబరులో ‘లైఫ్’ పత్రికలో షానా అలెగ్జాండర్ అనే విలేఖరి ఈ సంగతంతా రాసినప్పుడు దేశం విస్తుపోయింది. మధ్యతరగతివాళ్ళు తమలాంటివాళ్ళనే ఎంచుకుంటున్నారని తరువాత విమర్శలు వచ్చాయి.

ఆ గృహిణిని నేను తప్పుపట్టను. ఆమె స్థానంలో మీరో నేనో కూర్చుంటే మాత్రం ఏం చేసేవాళ్ళం? అయితే ఒక్క సంగతి గమనించండి. అక్కడ ఒక మనిషి బ్రతుకును కొలిచారు. కొలిచింది మాత్రం బయటివాళ్ళు. “నీ బ్రతుకు నీకెలా ఉంది?” అన్నది కాదు ప్రశ్న. “నీ బ్రతుకు మాకేం పనికొస్తుంది?” అన్నది ప్రశ్న.

1972 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, కిడ్నీలు పూర్తిగా పాడైనవారిలో అత్యధికుల చికిత్స ఖర్చును తానే భరించడానికి ఒప్పుకుంది. దాంతో అటువంటి కమిటీల అవసరం తీరింది. వేలాదిమంది బ్రతికారు. అప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది. బ్రతికారు సరే, ఎలా బ్రతుకుతున్నారు?

మొదట్లో దీన్నీ బయటినుంచే కొలిచారు. కార్నోఫ్స్కీ అనే డాక్టరూ, సహచరులూ 1940ల చివర్లో క్యాన్సర్ రోగుల కోసం తయారుచేసిన కొలబద్ద ఒకటుంది. మామూలుగా తిరిగేవారికి 100, తన ఒంటి పనులు తాను చేసుకోగలిగినా మామూలు పనిపాటలు చేయలేనివారికి 70, ఇలా తగ్గుతూ వస్తుంది. మార్కులు వేసేది డాక్టరే. 1981లో దాదాపు 2,500 మంది డయాలిసిస్ రోగులను పరిశీలిస్తే, మధుమేహం లేనివారిలో నూటికి 60 మంది, ఉన్నవారిలో 23 మంది మాత్రమే తమ ఒంటి పనులకు మించి ఏదైనా చేయగలుగుతున్నారని తేలింది. ప్రాణం నిలబెట్టాం, అంతా బాగుందనుకున్నవారికి అది చేదు నిజం.

1985లో రోజర్ ఎవాన్స్ బృందం 859 మందిని అధ్యయనం చేసి, పనిపాటలు ఎంత చేయగలరన్నదానితో పాటు, “మీ జీవితం మీకు తృప్తిగా ఉందా?” అని కూడా అడిగింది. కిడ్నీ మార్పిడి జరిగినవారిలో నూటికి దాదాపు 80 మంది ఇంచుమించు మామూలుగా తిరుగుతున్నారు. డయాలిసిస్ మీద ఉన్నవారిలో, చికిత్స పద్ధతిని బట్టి, 47 నుంచి 59 మంది మాత్రమే. ఇంటిదగ్గరే డయాలిసిస్ చేసుకునేవారు ఆసుపత్రికి వెళ్ళేవారికంటే మెరుగ్గా ఉన్నారు. ఆశ్చర్యమేమిటంటే, పనులు అంతగా చేయలేకపోయినా డయాలిసిస్ రోగులు తమ జీవితం గురించి చెప్పిన మాటలు మరీ నిరాశగా లేవు. చూసేవారి లెక్క ఒకటి, అనుభవించేవారి లెక్క మరొకటి!

1994లో రాన్ హేస్ మొదలైన పరిశోధకులు కేవలం కిడ్నీ రోగుల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తరువాత దాన్ని 36 ప్రశ్నలకు కుదించారు. అవి చదువుతుంటే నాకు ఇంట్లో మనిషి అడిగినట్టే అనిపించింది. ఒళ్ళు దురద పెడుతోందా? కాళ్ళు కొంకర్లు పోతున్నాయా? ఆకలి వేస్తోందా? దాహమైనా నీళ్ళు కొలిచి తాగవలసిరావడం ఎంత ఇబ్బందిగా ఉంది? ఇంటి పని చేసుకోగలుగుతున్నారా? ప్రయాణాలు? మీ రూపం గురించి బెంగగా ఉందా? ఇంట్లోవాళ్ళకు భారమయ్యానని అనిపిస్తోందా?

ఆ చివరి ప్రశ్న దగ్గర ఏ ఇల్లాలైనా ఒక్క క్షణం ఆగుతుంది. ఇరవై ఏళ్ళు అందరికీ వండివార్చిన మనిషి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుని, ఇంటికొచ్చి వాలిపోతే, ఆమెను తినేసేది ఆ ఆలోచనే. ఉద్యోగం చేస్తున్నారా లేదా అన్న ఒక్క లెక్కతో చూస్తే ఆ బాధ ఏ కాగితం మీదా కనపడదు. అడిగితేనే తెలుస్తుంది.

అడగడం వట్టి మర్యాద కాదు సుమండీ. అమెరికా, యూరప్, జపాన్‌లలో వేలాదిమందిని పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనంలో, తమ స్థితి బాగాలేదని చెప్పినవారే ఎక్కువగా ఆసుపత్రుల పాలయ్యారనీ, వారిలోనే మరణాలు ఎక్కువనీ తేలింది. అంటే రోగి మాట కూడా రక్తపరీక్షలాగే ముందుగా హెచ్చరిస్తుందన్నమాట. ఆ తరువాత పరిశోధనల్లో వేటిని కొలవాలో రోగులనూ, వారి ఇంటివారినీ సంప్రదిస్తే, ముఖ్యమైనవాటిలో ఒకటిగా వారు చెప్పింది నీరసం. అవును, ఒట్టి నీరసం!

మన దేశంలో జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచితంగా డయాలిసిస్ అందించే జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో మీకు తెలిసినదే. యంత్రాలు రావడం గొప్ప సంగతి. వాటి పక్కన కూర్చుని అడిగే మనిషి కూడా రావాలి.

ఈసారి డయాలిసిస్ చేయించుకునేవారిని చూడటానికి వెళితే కొబ్బరిబొండాలూ, అరటిపళ్ళూ పట్టుకెళ్ళకండి. అవి సాధారణంగా వాళ్ళకు పడవు. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండెకే ప్రమాదం. వట్టి చేతులతో వెళ్ళినా తప్పులేదు. “ఎలా ఉంది?” అని అడిగి, “బాగానే ఉంది” అన్న జవాబు రాగానే లేచిపోకండి. “రాత్రి నిద్ర పట్టిందా? దురద తగ్గిందా? సాయంత్రం వంట నేను చేసి పంపనా?” అని అడగండి. సియాటిల్ కమిటీ నుంచి ఈ ప్రశ్నావళి దాకా రావడానికి శాస్త్రానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. మనకు పొరుగింటి గుమ్మం దాకా నడిస్తే చాలు.