సి.ఐ.డి.లో పనిమనిషి

ఇవాళ ఒక టీవీ సీరియల్ చరిత్ర చెప్పుకుందాం. హిందీదే అయినా బహ్రెయిన్ తెలుగువాళ్లకి కొత్తది కాదు. అదే, సి.ఐ.డి.

బి.పి. సింగ్ తీసిన ఈ సీరియల్ 1998 జనవరిలో సోనీ టీవీలో మొదలై 2018 అక్టోబర్ దాకా నడిచింది. మళ్లీ 2024 డిసెంబర్ 21న వచ్చింది. ఏసీపీ ప్రద్యుమన్‌గా శివాజీ సాటమ్, అభిజీత్‌గా ఆదిత్య శ్రీవాస్తవ, తలుపులు పగలగొట్టే దయాగా దయానంద్ శెట్టి తిరిగొచ్చారు. ఫ్రెడ్రిక్స్ రాలేదు. ఆ వేషం వేసిన దినేశ్ ఫడ్నీస్ 2023 డిసెంబర్‌లో పోయారు. జట్టులో ఒక క్రైస్తవుడు ఉన్నాడని సంతోషించాలో, నవ్వించే పని అతనికే ఎందుకిచ్చారని అడగాలో నాకు ఎప్పుడూ తేలలేదు. ఆడ ఇన్‌స్పెక్టర్లు మాత్రం మొదట్నుంచీ ఉన్నారు. తర్వాత మన 'బద్రీనాథ్'లో కనిపించిన అశ్వినీ కల్సేకర్ అప్పట్లో ఇన్‌స్పెక్టర్ ఆశ.

2003లో గుదైబియాలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఒక నేపాలీ, ఇద్దరు బంగ్లాదేశీయులు, మిగతా తెలుగువాళ్లం. అందరికీ అర్థమయ్యేది హిందీ ఒక్కటే. హంతకుడెవరని చాయ్ పందెం కాసేవాళ్లం. తెరమీద వాచ్‌మన్ కనబడగానే ఆ నేపాలీ మిత్రుడు, "ఇంకేముంది, ముందు మావాడినే పట్టుకుంటారు" అనేవాడు. చాలాసార్లు అదే జరిగేది. వాచ్‌మన్, డ్రైవరు, పనిమనిషి... అనుమానం వాళ్లతోనే మొదలు. చివరికి దోషి సొంత బావమరిది అయ్యేవాడనుకోండి, అది వేరే సంగతి.

కొత్త విడతలో అభిజీత్, దయా శత్రువులయ్యారు. హంగులు పెరిగాయి. నేను చూసినంతలో కేసు మాత్రం ఎప్పట్లాగే శవంతోనే మొదలైంది. మా ఇంట్లో అది చూస్తూ, ఇక్కడ ఇంటిపనికి వచ్చిన కడప జిల్లా ఆవిడ అడిగింది: "అన్నా, ఈ పోలీసోళ్లు సచ్చినోళ్ల కోసరమేనా వచ్చేది?" ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. నాలుగు నెలల జీతం రాలేదు. శవం లేని నేరాలివి.

వీటికి ఏ ఏసీపీ వస్తాడు? 2010 జనగణన ప్రకారం బహ్రెయిన్ జనాభా 12,34,571. అందులో సగానికి పైగా మనలాంటి విదేశీయులే. పాస్‌పోర్టు లాక్కోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలు 2009 ఆగస్టులో వచ్చింది. ఇంటిపనివాళ్లని అందులో చేర్చలేదు. 2012 కార్మిక చట్టం వాళ్లకి ఏడాది సెలవులాంటివి కొన్ని ఇచ్చింది కానీ, రోజుకి ఎన్ని గంటలు పని అన్నది రాయలేదు. ఆవిడకి ఇదంతా చెప్పాను. ఫిర్యాదు కాగితం ఇద్దరం కూర్చుని రాశాం.