నియంతకు యంత్రం ఏమవుతుంది?

నియంతకూ యంత్రానికీ చుట్టరికం ఉంది. ఈ వరస రాజకీయ వ్యాసకర్తలు కలిపింది కాదు, వ్యాకరణం ఏనాడో కలిపిపెట్టింది. ఇద్దరూ ‘యమ్’ ధాతువు కడుపున పుట్టినవాళ్లే. అణచు, పట్టి ఉంచు, అదుపులో పెట్టు అని ఆ ధాతువుకు అర్థాలు. నియమం, సంయమనం, నియంత్రణ కూడా ఆ ఇంటి పిల్లలే. యముణ్ణీ ఆ ఇంటివాడిగానే లెక్కవేయడం సంప్రదాయం. వేదంలో యముడికి యమి తోబుట్టువు గనక అతని పేరుకు ‘కవల’ అనే అర్థమే అసలుదంటూ భాషాశాస్త్రజ్ఞులు అతన్ని పక్కింట్లో కూర్చోబెడతారు. ప్రాణాలు పట్టుకుపోయేవాడు ఏ ఇంట్లో ఉంటేనేం గాని, మన పని యంత్రంతో.

‘త్ర’ చేరితే సాధనం. కోసే సాధనం శస్త్రం, దారి చూపే సాధనం నేత్రం, అదుపు చేసే సాధనం యంత్రం. అదుపు చేసేవాడు యంత. అమరకోశంలో యంత, నియంత రెండూ సారథికి పర్యాయపదాలు. అంటే నియంత తొలి ఉద్యోగం బండి తోలడం. ఈనాటి నియంతలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

అలా చూస్తే యంత్రం పుట్టినప్పుడు పగ్గం మనిషి చేతిలో ఉంది. యంత్రభయంతో రాసిన నవలలూ నాటకాలూ దాదాపు అన్నీ ఆ పగ్గం రెండో కొస సంగతే చెబుతాయి.

తెలుగువాడికి యంత్రం అంటే మరొకటి కూడా. రాగిరేకు మీద గీతలు గీసి, బీజాక్షరాలు చెక్కి గుమ్మానికి కొట్టేదీ, చుట్టి తాయెత్తులో పెట్టి కట్టేదీ యంత్రమే. దయ్యాన్ని అదుపు చేసే సాధనం గనక ధాతువుకు ఎక్కడా ద్రోహం జరగలేదు. దసరా వచ్చిందంటే ఈ రెండు యంత్రాలూ ఒకటవుతాయి. నెల్లూరు జిల్లాలో మా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్ల మీద మోటారుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోస్తారు.

ఇంగ్లీషులో ఈ రెండర్థాలనూ కలపడానికి ఇ.ఎం. ఫార్‌స్టర్‌కు ఒక పెద్ద కథే కావలసి వచ్చింది. 1909 నవంబరులో అచ్చయిన ‘ది మెషిన్ స్టాప్స్’లో మనుషులు భూగర్భంలో తేనెపట్టు అరల్లాంటి గదుల్లో ఒంటరిగా బతుకుతుంటారు. మీట నొక్కితే అన్నం, మీట నొక్కితే పాట, మీట నొక్కితే ఎక్కడో ఉన్న కొడుకు ముఖం. క్రమంగా ఆ యంత్రాన్ని నడిపే పద్ధతులున్న పుస్తకాన్ని ముద్దు పెట్టుకుని కళ్లకద్దుకునే దశకు వస్తారు. చివరకు యంత్రం ఆగిపోతుంది.

సరిగ్గా అదే నెలలో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తున్న ‘కిల్డోనన్ కాజిల్’ అనే ఓడలో ఒక బారిస్టరు ఆ ఓడ కాగితాల మీదే గుజరాతీలో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాడు. కుడిచెయ్యి లాగితే ఎడమచేత్తో రాశాడు. ఆ పుస్తకం ‘హింద్ స్వరాజ్’. అందులో యంత్రాల మీద ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉంది. ఒకరి రాత ఒకరికి తెలిసే వీలు లేదు. భయం మాత్రం ఇద్దరికీ ఒకే ఋతువులో పట్టుకుంది.

ఆ బారిస్టరు ఆ తర్వాత మా మండలానికే వచ్చాడు. ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. అక్కడ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించాడు. పొణకా కనకమ్మ పూనికతో స్థలం సమకూరింది. అక్కడ మోగింది రాట్నం.

రాట్నం కూడా యంత్రమేగా అని ఆయన్ను అడిగినవాళ్లు లేకపోలేదు. అవునన్నాడు. యంత్రంతో తనకు పేచీ లేదనీ, యంత్రాల మోజుతోనే పేచీ అనీ తర్వాత వివరించాడు. మాట పుట్టుక చూసినా రాట్నం ఒంటరిది కాదు. నీళ్లు తోడే చక్రానికి సంస్కృతంలో అరఘట్టం, హిందీలో రహట్. మన రాట్నం ఆ వంశానిదేనని నా అభిప్రాయం. పొలానికి నీళ్లు తోడిన చక్రమే ఇంట్లో నూలు తీసి, తిరునాళ్లలో రంగులరాట్నమై పిల్లల్ని తిప్పింది. ఒక మాట ఇంతమందిని తిప్పడం అరుదు.

పల్లెపాడులో ఆశ్రమం తెరిచింది ఏప్రిల్‌లోనని చెప్పానుగదా. దానికి రెండున్నర నెలల ముందు, 1921 జనవరి 25న, ప్రాగ్ జాతీయ నాటకశాలలో కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ నాటకం వేశారు. లోకానికి ‘రోబో’ అన్న మాట ఇచ్చింది ఆ నాటకమే. కృత్రిమంగా తయారుచేసిన ఆ కూలీలకు చాపెక్ మొదట లాటిన్ పోలికతో ‘లాబోరి’ అని పేరు పెట్టబోయాడు. అది ఆయనకే నచ్చలేదు. చిత్రకారుడైన అన్న యోసెఫ్ బొమ్మ వేసుకుంటూనే ‘రోబోట్’ అనమన్నాడట.

చెక్ భాషలో ‘రోబోత’ అంటే జమీందారు పొలంలో రైతు కూలి లేకుండా చేయవలసిన పని. దానికి నిఘంటువు తిరగేసే పని మనకు లేదు. తెలుగులో అది వెట్టి.

వెట్టికి సంస్కృతమూలం విష్టి, నడుమ ప్రాకృతంలో విట్ఠి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో విష్టి ఉంది. క్రీ.శ. 150 ప్రాంతంలో రుద్రదాముడు సుదర్శన తటాకం గట్టు తెగితే బాగు చేయించి, ప్రజలను పన్నులతో గాని విష్టితో గాని పీడించకుండానే చేయించానని గిర్నార్ రాతి మీద గొప్పగా చెక్కించుకున్నాడు. అంత గొప్పగా చెప్పుకున్నాడంటే మిగతా రాజులు ఏం చేసేవారో ఊహించుకోవచ్చు. ఆ మాట జారి జారి మన ఊళ్లలోకి వచ్చేసరికి ఏకంగా ఉద్యోగం పేరైంది. కరణం, మునసబుల కాలంలో తలారి ఉన్నట్టే వెట్టి కూడా ఉండేవాడు. “ఒరే వెట్టీ” అంటే ఒక పేరున్న మనిషి పరిగెత్తుకు రావాలి.

అందుచేత ‘రోబో’కు నిఖార్సయిన తెలుగు ‘వెట్టివాడు’. మనం పెట్టుకున్న ‘మరమనిషి’లో మర ఉంది, మనిషి ఉన్నాడు, వెట్టి మాత్రం జారిపోయింది. చాపెక్ నాటకంలో భయమంతా ఆ జారిపోయిన చోటే ఉందని నేననుకుంటాను. ఆ రోబోలు ఇనుపబొమ్మలు కావు, రక్తమాంసాల వంటి పదార్థంతో తొట్లలో తయారైనవాళ్లు. వాళ్ల నరాలు వడకడానికి ఆ కర్మాగారంలో ఒక నూలుమిల్లు కూడా ఉంటుంది! జనవరిలో ప్రాగ్ రంగస్థలం మీద నరాల నూలు, ఏప్రిల్‌లో పెన్న ఒడ్డున పత్తి నూలు. చివరకు రోబోలు తిరగబడి మనుషులందరినీ చంపి ఒక్కణ్ణి వదిలేస్తారు. అతను అల్క్విస్ట్, మేస్త్రీ. తమలాగే చేతులతో పని చేస్తాడని వదిలేస్తారు. ఆ ముక్క గాంధీ విని ఉంటే నవ్వి ఉండేవాడు.

ఇక మర. ఇది అచ్చ తెలుగు. దంపుడు బియ్యం, మరబియ్యం అని విడదీసి చెప్పిన రోజున అది నెల్లూరు వంటింట్లోకి వచ్చింది. మరమగ్గం చేనేతకు పోటీగా, మరపడవ తెప్పకు పోటీగా వచ్చాయి. మైపాడు బెస్తవాళ్లను యంత్రభయం గురించి అడిగితే రోబోల పేరెత్తరు, ‘సోనాబోట్లు’ అంటారు. తమిళనాడు నుంచి వచ్చి అడుగుదాకా వల ఈడ్చుకుపోయే పెద్ద మరపడవలకు ఈ తీరంలో ఆ పేరు. సోనా అంటే బంగారం. ఎవరికి బంగారమో ఆ పేరులో లేదు.

మర పక్కన తెలుగు ఒక క్రియ పెట్టింది: ఆడు. గానుగ ఆడుతుంది, మర ఆడుతుంది. మనిషి ‘ఆడిస్తాడు’. వడ్లు ఆడించుకొస్తాడు, చెరకు ఆడిస్తాడు. ఆ ‘ఇంచు’ ప్రత్యయం ఎవరి పక్కన ఉంటే పగ్గం వాళ్లదే. కీలుబొమ్మ సంగతీ అంతే, కీలు బొమ్మదే అయినా తాడు మాత్రం మరొకరిది.

రాత్రి రెండు గంటలకు ఇందుకూరుపేట గుంటల వెంట నడిస్తే ఈ ప్రత్యయం ఎటు జరిగిందో కంటికి కనబడుతుంది. నీళ్ల మీద ఏరియేటర్ల తెడ్డుచక్రాలు తెల్లగా నురగ చిమ్ముతూ తిరుగుతుంటాయి. వనామీ రొయ్యలు కిక్కిరిసి ఉన్న గుంటలో ఆ చక్రాలు కలిపే గాలే ప్రాణం. పగలు నాచు కొంత ఆక్సిజన్ ఇస్తుంది గాని రాత్రి అదీ ఊపిరి పీల్చుకునేదే, అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడుతుంది. అప్పుడు కరెంటు పోయిందా, గుడిసెలో నులకమంచం మీద ఉన్న మనిషి ఎగిరి దూకి జనరేటరు తాడు లాగాలి. ఆలస్యమైతే పంట తేలిపోతుంది. ఫార్‌స్టర్ కథకు ఇక్కడ అనువాదం అక్కర్లేదు. ఆ మనిషి మోటారును ఆడిస్తున్నాడా, మోటారు అతన్ని ఆడిస్తోందా? అప్పు తెచ్చి మోటారు పెట్టుకున్నది అతనే గనక వ్యాకరణం సందేహంలో పడుతుంది.

పదకొండో శతాబ్దపు భోజరాజు ‘సమరాంగణ సూత్రధారం’లో కొయ్య ద్వారపాలకులూ, ఎగిరే యంత్రాలూ వర్ణించి, వాటిని ఎలా బిగించాలో మాత్రం చెప్పలేదు. తెలియక కాదు, గోప్యం కోసమే చెప్పలేదన్నాడు. నేటి కంపెనీలు తమ అల్గారిథమ్ గురించి చెప్పేదీ ఇదే మాట. భోజుడు వెయ్యేళ్ల ముందే వాళ్లకు న్యాయసలహా ఇచ్చినట్టుంది.

ఆర్వెల్ నవల ‘1984’ వచ్చిన 1949లోనే మనకు ‘కీలుగుర్రం’ సినిమా వచ్చింది. అక్కడ తెర వెనక నుంచి నియంత బిగ్ బ్రదర్ చూస్తుంటాడు, ఇక్కడ కొయ్యగుర్రం ఎగురుతుంది. మన పత్రికలు బిగ్ బ్రదర్‌ను ‘పెద్దన్న’ అన్నాయి గాని ఆ మాటలో మనకు పెళ్లిపందిరే కనబడుతుంది, పోలీసు కనబడడు. తెలుగులో యంత్రభయం చాలాకాలం వినోదం పక్కనే కూర్చుంది. నెల్లూరు జిల్లా బిడ్డ సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసి, రాయలవారి కొలువు చూపించిన చేత్తోనే మనల్ని 2504లోకి తీసుకుపోయాడు. ఆ భవిష్యత్తులో యుద్ధం తర్వాత మనుషులు భూగర్భంలో ఉంటారు, ఫార్‌స్టర్ మనుషుల్లాగే. జనం మాత్రం టైమ్ మెషిన్ ఎక్కడానికి చప్పట్లు కొట్టారు.

2010లో తమిళులు తమ సినిమాకు ‘ఎందిరన్’ అని పేరు పెట్టారు. యంత్రం తమిళంలో ఎందిరం, దానికి మగరూపం ఎందిరన్. అదే సినిమాకు తెలుగులో ‘రోబో’ అని పెట్టాం. చెక్ మాటే తెచ్చుకున్నాం గాని చివరి ‘ట్’ వదిలేశాం, దాంతోపాటే వెట్టినీ. తెర మీద దాని పేరు చిట్టి. ప్రాగ్‌లో వెట్టివాడై పుట్టి, హైదరాబాదు హాళ్లలో చిట్టి అయ్యాడన్నమాట. ఎర్ర చిప్ పెట్టినప్పుడు ఊరిని తగలబెట్టినా, ముద్దుపేరు మాత్రం పోలేదు. చివర కోర్టు ఆదేశం మీద తన ఒళ్లు తానే విప్పుకుంటాడు. మర అంటే తెలుగులో యంత్రమే కాదు, స్క్రూ చుట్టు కూడా అదే. మరమేకులో ఉన్నది ఆ మరే. చిట్టి చేతులు తిప్పినవి అవే.