యువరక్షకదళము: ఒక నవల, రెండు పాఠములు

గ్రంథములందుఁ బాఠభేదములు లేఖకుల ప్రమాదముచేతను, పరిష్కర్తల స్వాతంత్ర్యముచేతను, ప్రక్షేపకుల సాహసముచేతను గలుగుచుండును. కవి జీవించియుండఁగనే, ప్రభుత్వపక్షపు విమర్శకు లోఁబడి, తన కృతికిఁ దానే వేఱొక పాఠమును గల్పించుట యరుదు. అలెగ్జాండర్ ఫదేయెవ్ రచించిన 'మొలదాయ గ్వార్దియ', అనఁగా 'యువరక్షకదళము' అను రష్యను నవల యట్టిది. దేశభక్తికిని సత్యమునకును గల సంబంధమును విచారించువారి కిది పరిశీలనార్హము.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తెను. ఆ నవంబరు 7న స్టాలిన్ మాస్కో నగరపు రెడ్ స్క్వేరులో సైనికుల నుద్దేశించి ప్రసంగించుచు అలెగ్జాండర్ నేవ్‌స్కీ, ద్మిత్రి దన్‌స్కోయ్, సువోరవ్, కుతూజవ్ మొదలగు పూర్వవీరులను స్మరించెను. సెర్గెయ్ బొరోదిన్ రచించిన 'ద్మిత్రి దన్‌స్కోయ్' అను చారిత్రక నవలకు 1942లో స్టాలిన్ బహుమానము లభించెను. ఆ కథానాయకుఁడు 1380లోఁ గులికోవో రణమున మమాయిని జయించి 1389లో మృతినొందినవాఁడు. అట్టివానినిగూర్చి కవి కొంత కల్పించినను దానివలన దుఃఖించు బంధువులు లేరు. నిన్నటి యుద్ధమే కథావస్తువైనచో స్థితి వేఱు.

ఉక్రెయిను తూర్పుభాగమున, దొనేత్స్ బొగ్గుగనుల సీమలో, ఆనాఁడు క్రాస్నొదోన్ అను పేరుగల పట్టణమును 1942 జూలైలో జర్మనులు ఆక్రమించిరి. అచ్చటి యువతీయువకులు రహస్యసంఘముగా నేర్పడి కరపత్రములను బంచిరి. ప్రజలను జర్మనీకిఁ బనివారలుగాఁ బంపు కార్యాలయమును దగులఁబెట్టిరి. 1943 జనవరిలో వారిలోఁ బెక్కుమంది పట్టువడి, చిత్రహింసల నోర్చి, 5వ సంఖ్యగల గని గోతిలోఁ ద్రోయఁబడిరి. పట్టణము ఫిబ్రవరి 14న విముక్తమయ్యెను. సెప్టెంబరు 13న ఒలేగ్ కషెవోయ్, ఉల్యానా గ్రోమొవా మొదలగు నైదుగురికి మరణానంతరము 'సోవియట్ యూనియన్ వీర' బిరుద మీయఁబడెను.

ఫదేయెవ్ ఆ పట్టణమునకుఁ బోయి, మృతుల బంధువులతో సంభాషించి, నవల వ్రాసెను. 1946లో దానికి స్టాలిన్ బహుమానము వచ్చెను. 1947 డిసెంబరులో 'ప్రావ్దా' పత్రిక దానిని విమర్శించుచు, యువకులను నడపిన పార్టీ పెద్దల పాత్ర సరిగాఁ జూపఁబడలేదనెను. అప్పటికి ఫదేయెవ్ సోవియట్ రచయితల సంఘమునకుఁ బ్రధాన కార్యదర్శి. ఆతఁడు గ్రంథమును దిద్ది 1951లో రెండవ పాఠమును బ్రకటించెను. అందు ల్యూతికవ్ మొదలగు పెద్దల కథ విస్తరింపఁబడెను.

వైయాకరణులు క్రియయందు స్వతంత్రుఁడైనవానిఁ గర్తయనియు, వానిఁ బ్రేరేపించువానిఁ బ్రయోజకుఁడనియు వ్యవహరింతురు. మొదటి పాఠమున యువకులు స్వతంత్రకర్తలు. రెండవదాన వారు ప్రయోజ్యులు, పార్టీ ప్రయోజకము. ప్రయోజ్యునకును గర్తృత్వము పోదు గాని, ప్రాధాన్యము ప్రేరకునకుఁ జేరును. ల్యూతికవ్ కల్పితపురుషుఁడు కాఁడు. ఆతఁడును జర్మనులచేఁ జంపఁబడినవాఁడే. కావున నధికభాగమెల్ల మిథ్య యనరాదు. మాఱినది వస్తువుకంటె నెక్కువగా నన్వయము.

రెండు పాఠములకును సమానమగు దోష మొకటి కలదు. నవలలో స్తహోవిచ్ అను యువకుఁడు హింసల కోర్వలేక రహస్యమును వెల్లడించును. ఆ పేరు కల్పితమైనను, చదువరులు దానియందు విక్టర్ త్రెత్యాకేవిచ్‌ను జూచిరి. ఆతఁ డా సంఘపు నాయకులలో నొకఁడు. సహచరులవలెనే గని గోతిలోఁ బ్రాణములు విడిచినవాఁడు. జర్మనుల కొలువులోనుండిన యొక విచారణాధికారి చెప్పిన మాట యా యపవాదమునకు మూలము. కుటుంబము పెక్కేండ్లు ద్రోహి బంధువులన్న నింద మోసెను. 1959లో జరిగిన విచారణలో నాతఁడు నిర్దోషి యని తేలెను. 1960లో మరణానంతరము దేశభక్తియుద్ధ పతకము లభించెను. ఫదేయెవ్ 1956 మే 13న ఆత్మహత్య చేసికొనుటచే దానిఁ జూడలేదు.

ఇందు విచారింపవలసిన దేమనఁగా, పార్టీకి గ్రంథమునఁ దగిన స్థానము లేదని గుర్తించుటకు రెండేండ్లు పట్టలేదు. ఒక బాలుని కీర్తిని నిలుపుటకు మృతినుండి పదునాఱేండ్లు పట్టెను. కల్పన నవలకు ధర్మమే. కాని యథార్థవీరుల పేళ్లు పెక్కు నిలిపిన గ్రంథమున మాఱుపేరు మఱుఁగు కాఁజాలదు. కావున నట్టి నవలను బోధించువారు రెండు పాఠములను బోల్చి, 1959నాఁటి నిర్ణయమును జేర్చి చెప్పుట యుక్తము. మృతుల కది ఋణవిముక్తి.