కాలువతో పాటు వచ్చిన కాగితం

బ్యాంకులో ఫారాలు నింపే బల్ల దగ్గర జేబులోంచి పెన్ను తీస్తే చాలు, మా గోదావరి వైపు ఎవరో ఒక పెద్దావిడ పక్కకొచ్చి నిలబడుతుంది. "బాబూ, ఇది కూడా కాస్త రాసిపెట్టండి. కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయానండి, ఆయ్." చాలాసార్లు ఆ కళ్ళజోడు అసలు ఉండనే ఉండదు. చదువు రాదని నలుగురిలో చెప్పుకోలేక చెప్పే మాట అది. తన పేరు, ఖాతా నంబరు, తీయబోయే సొమ్ము ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పగించి, చివర్లో బొటనవేలు చాస్తుంది.

ఈ బొటనవేలి కథ డెల్టాలో నీళ్ళ కథతో ముడిపడి ఉంది. 1833 ప్రాంతంలో కరువుకు విలవిల్లాడిన నేల ఇది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు పారాయి, వరి పండింది, భూమికి ధర వచ్చింది. ధర వచ్చిన భూమి చుట్టూ కాగితాలు చేరాయి. పట్టా, శిస్తు రసీదు, క్రయ దస్తావేజు, తనఖా పత్రం. ఊరి భూముల లెక్క రాసే కరణంగారి అడంగల్లో ఎవరి పేరు రాసి ఉంటే పొలం వాళ్ళదే. నీళ్ళు పల్లమెరుగుతాయి గానీ కాగితం చదివేవాడినే వెతుక్కుంటూ పోతుంది.

ఈ సంగతి రైతులకు త్వరగానే అర్థమైనట్టుంది. 1850ల మధ్యలో సబ్ కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టేలర్ చొరవతో నరసాపురం ప్రాంతంలో ఊరి బడులు వెలిశాయి. వాటి ఖర్చు కోసం శిస్తుతో పాటు కొంత సొమ్ము కట్టడానికి రైతులే ఒప్పుకున్నారు. రేటు స్కూళ్ళని వాటికి పేరు. దేశంలో బడి పన్ను అనే ఊహే కొత్తగా ఉన్న రోజుల్లో గోదావరి రైతు దానికి సరేనన్నాడంటే అది ఉత్త విద్యాభిమానం అనుకోను. కరణం రాసింది తన కొడుకైనా చదవాలన్న ఆరాటం అందులో ఉండి ఉంటుంది.

కాకపోతే పన్ను కట్టాలంటే భూమి ఉండాలి. ఆ భూమిలో నాట్లు వేసి, కోతలు కోసి, కుంచాలతో ధాన్యం కూలి తెచ్చుకునే మాల మాదిగ పేటలకు ఆ బడి దూరంగానే ఉండిపోయింది. వాళ్ళలో చాలామందికి మొదటి పలక చేతికిచ్చింది క్రైస్తవ మిషనరీలు.

అక్షరం రాకపోతే లెక్క రాదనుకోవడం పొరపాటు. గోడమీద బొగ్గు గీతలతో పాలవాడి లెక్క, కూలి రోజుల లెక్క తేల్చే ఆడవాళ్ళను చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. కానీ నోటిలెక్క ఎంత పక్కాగా ఉన్నా ప్రోనోటు ముందు చెల్లదు. పదివేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. అంటే నూటికి నెలకు 3 రూపాయలు, ఏడాదికి 3,600. మూడేళ్ళకు అసలుతో కలిపి 20,800 అవ్వాలి. ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపేస్తే 13,600, తర్వాత 18,496, ఆ తర్వాత 25,154. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి ఆ లోపే తిరగరాయిస్తారు. పాత నోటు చించేస్తారు, కొత్త దానిమీద కొత్త అంకె, కింద అదే వేలిముద్ర. ఆ పైన తేలిన నాలుగు వేల చిల్లర ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడానికి కాగితం మీద దొరికేది ఆ ఒక్క అంకే. దాన్ని చదవగలిగితే కదా! ఆ ఏడాది ఆ ఇంటి పిల్లాడు బడి మాని పాలేరుతనానికి వెళతాడు. పేదరికం వల్ల చదువు లేదా, చదువు లేక పేదరికమా అని వాదించుకునేవాళ్ళు ఆ పిల్లాణ్ణి చూస్తే చాలు.

ఈ ముడి విప్పడానికి డెల్టాలో ప్రయత్నాలు తక్కువేం జరగలేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1936లో పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరారు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి అయితే కూలివాడి బిడ్డ ఎన్నాళ్ళని బడికి వస్తాడు?

నా లెక్కలో అన్నిటికంటే సూటిగా తగిలింది ఒక నాటకం. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న రాసిన 'పాలేరు'. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఊరూరా ఆడిన ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. 1990లలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. 1991లో సుమారు 53 శాతం ఉన్న పశ్చిమ గోదావరి అక్షరాస్యత 2001కి 73.5కి ఎగబాకింది. తర్వాతి పదేళ్ళలో మాత్రం పెరిగింది దాదాపు ఒక్క శాతమే. 2011లో అది 74.6. తూర్పు గోదావరిలో 71. ధాన్యాగారమని చెప్పుకునే సీమలో ఏడేళ్ళు దాటినవాళ్ళలో నలుగురికి ఒకరు అప్పటికీ చదవలేరు. మిగిలిపోయిన వాళ్ళు ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు, ఆడవాళ్ళు, భూమిలేనివాళ్ళు.

వాళ్ళ ఇళ్ళలోంచే కువైట్‌కు ఇంటిపని వీసాల మీద వెళ్ళినవాళ్ళు ఉన్నారు. పదో తరగతి పాస్ కాని మామూలు కూలీ పాస్‌పోర్టు మీద గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది. చదువు తక్కువైన మనిషిని మోసగించడం తేలికని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అయినా ఏజెంటు చేతికిచ్చిన ఒప్పందం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. సంతకం పెట్టేది తెలుగు కూడా చదవలేని మనిషి.

ఇప్పుడు రేషన్ దుకాణంలో బి.ఏ. చదివినవాడూ యంత్రం మీద వేలే పెడుతున్నాడు. అతని ముద్ర ఒక్కసారికే పడుతుంది. ఏళ్ళ తరబడి నారు పీకి, కొడవలి పట్టిన ముసలమ్మ వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టి చూస్తుంది.